సత్యభామ జడ, కాలిఫోర్నియా పాట

2010 డిసెంబరు మాసాంతంలో హైదరాబాదు నగరానికి పడమటి కొసన, గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడారంగంలో ఒక విశేషం జరిగినది. రెండవ అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనంలో సుమారు 2,800 మంది నర్తకులు ఒకే తిల్లానాకు ఒక్కుమ్మడిగా పాదం కదిపి గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కినారు. ఆ సమ్మేళనాన్ని తలకెత్తుకొన్న సంస్థ పేరు సిలికానాంధ్ర. దాని పుట్టిల్లు కృష్ణా తీరం కాదు, అమెరికాలోని కాలిఫోర్నియా. 1998 నవంబరులో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఈ ప్రాంతపు యువకులు కాలిఫోర్నియాకు పోతూ ఉండడం అందరికీ తెలిసిన సంగతే. అక్కడి నుండి జతులు ఇక్కడికి తిరిగి రావడం మాత్రం మనవారు అంతగా పట్టించుకోని సంగతి.

ఆ కాలిఫోర్నియాలోనే, క్లేర్‌మాంట్ అనే ఊరిలో, 1986లో ఒక తెలుగు ఇంట పుట్టిన అమ్మాయి ఎల్లాప్రగడ శ్వేత. చిన్ననాడే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకొన్నది. పెద్దదై ‘రాజకుమారి’ అనే పేరు పెట్టుకొని ఆంగ్లంలో పాటలు కట్టినది, పాడినది, ఆడినది. 2023లో ఆమె ‘ది బ్రిడ్జ్’ అనే పూర్తి ఆల్బమ్‌ను వెలువరించినది. బ్రిడ్జ్ అనగా వంతెన. సోల్ సంగీతం, దాని తర్వాతి తరపు రిథమ్ అండ్ బ్లూస్, హిప్‌హాప్, నాట్యానికి పనికివచ్చే తాళగతి, వీటన్నింటి మీద భారతీయ లయ విన్యాసం కలిసిన సంపుటి అది. ఇట్టి పాటలు వినగానే మన పెద్దలు పెదవి విరుస్తారు, పిల్లలు కాలు కదుపుతారు. పెదవి విరిచేవారి కారణాలలో కొన్నింటికి బలమున్నది. వాటి సంగతి ముందు వస్తుంది. కాని ఈ పాటలలో పరాయిదిగా తోచే అంశాలలో చాలా భాగం మన పెరటి చెట్టే అనే మాట మొదట విచారించవలసి ఉన్నది.

ఇంటిపేరును గురించి ఒక ముచ్చట. ‘ప్రగడ’ అనేది ప్రెగ్గడ శబ్దభవమనీ, ప్రెగ్గడ అనగా మంత్రి అనీ భాషా విద్యార్థులకు తెలిసినదే. కవిత్రయంలో మూడవవాడైన ఎఱ్ఱన కూడా ఎఱ్ఱాప్రెగ్గడయే. ఇక ఎల్లాప్రగడ వారనగానే అమెరికా ప్రయాణం గుర్తుకు రాక తప్పదు. 1895లో భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు 1923లో సముద్రం దాటి వెళ్ళి, 1948లో అక్కడే కన్నుమూసినాడు. ఈ గాయనికి ఆయనతో చుట్టరికం కలపడం ఇక్కడి ఉద్దేశం కాదు. సుబ్బారావు వెళ్ళిన కాలంలో అమెరికా మనవారికి తలుపు తెరవలేదు. వెళ్ళినవాడు ఒంటరిగానే బ్రతికినాడు. 1965లో ఆ దేశపు వలస చట్టం మారిన పిమ్మట వైద్యులు, ఇంజనీర్లు కుటుంబాలతో వెళ్ళసాగినారు. కుటుంబం వెళ్ళినప్పుడు పెట్టెలో ఆవకాయ జాడీతోబాటు గజ్జెలు కూడా వెళ్ళినవి. ఆ గజ్జెలు కట్టిన తరం అమ్మాయి శ్వేత.

సోల్ అనే మాటకు ఆత్మ అని అర్థం. అమెరికాలోని నీగ్రో జాతివారు, ఈనాటి మర్యాదలో చెప్పవలెనంటే ఆఫ్రికన్ అమెరికన్లు, తమ చర్చీలలో పాడుకొన్న భక్తిగీతాలకు గాస్పెల్ అని పేరు. గురువు ఒక పలుకు పలికితే జనం బదులు పలకడం, చప్పట్లతో తాళం పట్టడం, ఒకే అక్షరాన్ని పది సంగతులుగా విరిచి కన్నీరు తెప్పించడం ఆ పాట లక్షణాలు. 1950ల నడుమ రే చార్లెస్ వంటివారు ఆ బాణీని దేవుని నుండి ప్రియురాలి మీదకు మళ్ళించినారు. చర్చి పెద్దలు అపచారమన్నారు. జనం ఆ పాటను నెత్తిన పెట్టుకొన్నారు. అరీథా ఫ్రాంక్లిన్ (1942–2018) డిట్రాయిట్‌లో ఒక చర్చి గురువు కుమార్తె. తండ్రి పీఠం ప్రక్కన నిలిచి పాడడం నేర్చిన ఆమె 1967లో ‘రెస్పెక్ట్’ పాడినది. ఆ పాటను మొదట వ్రాసి పాడినవాడు ఓటిస్ రెడింగ్ అనే పురుషుడు. ఇంటికి వచ్చిన మగవానికి మర్యాద జరగవలెనని అతని పాట. అరీథా గొంతులో అదే పాట ఆడుదానికి, అణగిన జాతికి జరగవలసిన మర్యాదగా మారిపోయినది. రచన దాదాపుగా అదే అయినా, పాడే మనిషి మారడంతో అర్థం తలక్రిందులైనది. 1972లో ఆమె తిరిగి లాస్ ఏంజిలస్‌లోని ఒక చర్చికి వెళ్ళి గాస్పెల్ సంపుటి రికార్డు చేసినది కూడా.

దేవుని పాట శృంగార గీతం కావడం తెలుగు వారికి వింత కాదు. క్షేత్రయ్య పదాలు ఏమిటి? నాయకుడు మువ్వగోపాలుడు, నాయిక మాట్లాడే తీరు మాత్రం వీధిలో, పడకటింటిలో మాట్లాడే ఆడుదాని తీరు. ఆ పదాలను ఆలయంలోనూ, కొలువులోనూ పాడుతూ, అభినయిస్తూ వచ్చినవారు కలావంతులు. పాడే మనిషి, ఆడే మనిషి ఒకతెయే. తర్వాత జావళి వచ్చినది. దాని నడక ఇంకా చురుకు, మాట ఇంకా తేలిక. సంఘసంస్కరణ కాలంలో ఆ స్త్రీల బ్రతుకు మీద పడిన మచ్చను తుడవబోయి వారి కళను కూడా తుడిచివేసినంత పని జరిగినది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ శాసనం వచ్చినది. శాసనం అవసరమే. కాని పాడుతూ ఆడే స్త్రీ అప్పటి నుండి సభ్య సమాజంలో రెండుగా చీలిపోయినదన్నది కూడా నిజమే. పాట కచేరీ వేదిక మీదకు, ఆట నాట్య వేదిక మీదకు పోయినవి. నటరాజ రామకృష్ణ (1923–2011) ఆ కలావంతుల ఇండ్లకు వెళ్ళి, వృద్ధురాళ్ళను బ్రతిమాలి, వారి విద్యను ఆంధ్రనాట్యం పేరుతో నిలబెట్టకపోతే దాని జాడ కూడా మిగిలేది కాదు.

అమెరికాలో నాట్యం కొరకే పుట్టిన గానం డిస్కో. డోనా సమ్మర్ కూడా చర్చి గాయక బృందంలో పాడిన పిల్లయే. 1977లో ఆమె పాడిన ‘ఐ ఫీల్ లవ్’లో వాద్యకారుల స్థానాన్ని దాదాపు పూర్తిగా విద్యుత్ యంత్రం ఆక్రమించినది. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో జార్జియో మొరోడర్ ఆ యంత్రాన్ని నడిపినాడు. గుండె చప్పుడువలె ఎడతెగని నాలుగు దెబ్బలు. వాటిపై గాలిలో తేలినట్లు ఒక స్త్రీ కంఠం. ఈనాటి నాట్యసంగీతంలో చాలా భాగానికి ఆ పాటయే మూలం.

ఆ రంగంలోకి మన దేశపు స్త్రీ అంతకు ముందే కాలు పెట్టినది. బొంబాయిలో పుట్టిన ఆశా పుత్లీ మార్తా గ్రాహం నాట్యశాలలో విద్యార్థి వేతనంపై న్యూయార్కు చేరి, జాజ్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్‌మన్ సంపుటి ‘సైన్స్ ఫిక్షన్’లో పాడి విమర్శకుల మెప్పు పొందినది. 1976లో వచ్చిన ఆమె సంపుటి ‘ది డెవిల్ ఈజ్ లూస్’ సోల్, డిస్కో కలిసిన చక్కని పని. అందులోని ‘స్పేస్ టాక్’ అనే పాట న్యూయార్కు నాట్యశాలలలో మారుమ్రోగినది. 1997లో ఒక ప్రసిద్ధ ర్యాప్ గాయకుడు ఆ పాట ముక్కను తన పాటలో వాడుకొన్నాడు. స్వదేశంలో మాత్రం ఆమె పేరు ఎన్నాళ్ళో వినపడలేదు. ఆమె కూడా నాట్యం నేర్చిన గాయని అన్నది గమనించదగినది. బెంగుళూరులో పుట్టి లండన్ చేరిన బిడ్డు అనే స్వరకర్త 1974లో ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ పాటతో లోకాన్ని ఊపి, 1995లో అలీషా చినాయ్ చేత ‘మేడ్ ఇన్ ఇండియా’ పాడించినాడు. ఈ పాట సంగతి మళ్ళీ రానున్నది.

తెలుగులో నాట్యగీతమంటే చిత్రసీమయే. ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు వినని తెలుగువాడు లేడు. 1973లో వచ్చిన ‘దేవుడు చేసిన మనుషులు’లో రమేశ్ నాయుడు స్వరపరచగా ఆమె పాడిన గీతాన్ని, పాతికేళ్ళు దాటిన పిమ్మట విజయవాడ అమ్మాయి స్మిత కొత్త తాళంతో మళ్ళీ పాడి కళాశాల విద్యార్థులను ఊపివేసినది. ఆ స్మితయే 2000 ప్రాంతంలో ‘హాయ్ రబ్బా’తో, సినిమా లేకుండా తెలుగులో పాప్ సంపుటి నిలబడగలదని చూపినది. అయితే ఆ దారిన నడిచినవారు తక్కువ. సినిమా మర్రిచెట్టు క్రింద మరొక మొక్క పెరగడం కష్టం.

ఇక హిప్‌హాప్. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో సిండీ కాంప్‌బెల్ అనే పిల్ల, బడి తెరిచే వేళకు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావలసి, తమ మేడ క్రింది గదిలో ప్రవేశ రుసుముతో ఒక విందు ఏర్పాటు చేసినది. గ్రామఫోను పలకలు వేసినవాడు ఆమె అన్న, లోకం డి.జె. కూల్ హెర్క్ అని పిలిచేవాడు. పాటలో గాయకుడు ఆగి తాళవాద్యం మాత్రమే మ్రోగే ముక్కను రెండు పలకల మీద మార్చి మార్చి వేసి, ఆ లయపై మాటలు విసరడమే హిప్‌హాప్‌కు అంకురమైనది. 1979లో ర్యాప్‌ను రికార్డుగా ఇంటింటికీ చేర్చిన ‘రాపర్స్ డిలైట్’ను తయారు చేయించినది సిల్వియా రాబిన్సన్ అనే సోల్ గాయని. ఈ కథలో అడుగడుగునా స్త్రీ ఉన్నది. పేరు మాత్రం పురుషునిది.

1996లో ఫ్యూజీస్ అనే బృందం ‘ది స్కోర్’ అనే సంపుటి తెచ్చినది. అందులో లారిన్ హిల్ అనే యువతి పాట, పలుకు రెండూ ఒక గొంతులో పలికించినది. క్లేర్‌మాంట్‌లో బడిలో చదువుకొంటున్న తెలుగు పిల్ల చేతికి ఆ సంపుటి చిక్కినది. తనను హిప్‌హాప్ వైపు తిప్పినది అదేనని రాజకుమారి చెప్పినది. సాయంకాలం నాట్య తరగతిలో తకిట తకధిమి, ఇంటికి వచ్చినాక ఫ్యూజీస్. రెండూ ఆ పిల్లకు ఒకటిగానే వినిపించి ఉండవలెను. తన ర్యాప్ నడకకు మూలం శాస్త్రీయ నృత్యపు జతులేనని ఆమె పలు సందర్భాలలో చెప్పినది గదా!

ఉపాధ్యాయులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలెను. నట్టువాంగం చేసే గురువు తాళాలు పట్టుకొని పలికే జతులకు అర్థం లేదు, రాగం లేదు. ఉన్నది మాట దెబ్బ, మాటకు మాటకు మధ్య విరామం. ర్యాప్ కూడా రాగాన్ని వదలి, మాట దెబ్బ మీద నడిచే విద్య. తేడా ఒక్కటే: అక్కడ మాటకు అర్థం కూడా ఉన్నది. అర్థం గల మాటను జతివలె నడిపిన పద్యాలు తెలుగులో లేవా? ఉన్నవి. రగడలు. పరీక్షలో గణవిభజన చేయించి వదలివేసే ఆ రగడలు నిజానికి నడకల భాండాగారం. తురగవల్గన రగడకు మూడు మాత్రల నడక, మధురగతికి నాలుగు, ద్విరదగతికి ఐదు, వృషభగతికి మూడు, నాలుగు కలిసిన ఏడు. తాళశాస్త్రం వీటినే త్యశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం అంటుంది. గుర్రం దూకు, ఏనుగు నడక, ఎద్దు నడక అని పేర్లు పెట్టిన లాక్షణికుని చెవి ఎంత గట్టిది! పైగా రగడకు పాదాదిని ప్రాస కావలెను, పాదాంతమున అంత్యప్రాస కూడా కావలెను. ర్యాప్ కట్టే అమెరికా యువకుడు అంత్యప్రాస కొరకు, పాదమధ్యపు అనుప్రాస కొరకు పడే తాపత్రయం చూస్తే పాల్కురికి సోమనాథుని బసవ రగడ గుర్తుకు వస్తుంది. తరగతిలో ఒక రగడను చప్పట్లు కొట్టుతూ చదివించి చూచిన ఉపాధ్యాయునికి ఈ పోలిక వేరే చెప్పనక్కరలేదు.

ఆ పాటలలో మన పెద్దలకు రుచించని మరొక గుణం ఆత్మస్తుతి. ర్యాప్ గాయకుడు తన పేరు తానే చెప్పుకొంటాడు. తన వంటివాడు లేడంటాడు. ఎదిరిని సవాలు చేస్తాడు. రాజకుమారి కూడా అంతే. తాను రాజకుమారినంటుంది, సింహాసనం తనదంటుంది. ఆడపిల్లకు ఇంత గర్వమా అని ముక్కున వ్రేలు వేసికొనేవారు ఒకసారి కూచిపూడి భాగవతుల భామాకలాపం గుర్తు చేసికొనవలెను. తెర పట్టుకొని ఇద్దరు నిలుస్తారు. తెర వెనుక నుండి సత్యభామ తన పొడవాటి జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. ఆ జడ సవాలు. విద్యలో తనను గెలిచినవాడు వచ్చి ఆ జడ కోయవచ్చునని సభకు పందెం. పిమ్మట ప్రవేశ దరువు. అందులో ఆమె తన పేరు, తన అందం, తన అధికారం, కృష్ణుడు తన చెప్పుచేతలలో ఉన్న వైనం తానే పాడుకొంటుంది. పాడుతూ ఆడుతుంది, ఆగి వచనం చెప్పుతుంది, మళ్ళీ దరువు ఎత్తుకొంటుంది. బ్రాంక్స్ వీధులలో ఒకరినొకరు సవాలు చేసికొన్న కుర్రవాళ్ళు చేసినది దీనికి ఎంత దూరం? కూచిపూడిలో నర్తకుడు నోరు మెదపకుండా ఆడడం తర్వాత వచ్చిన మార్పు. మొదట అది వాచికం గల ఆట.

అయితే ఒక్క భేదం చిన్నది కాదు. భామాకలాపంలో ఆ గర్వపు మాటలు పలికినవారు పురుషులు. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) సత్యభామ వేషంలో రంగం మీదకు వస్తే స్త్రీలు సైతం నడక నేర్చుకొన్నారని ప్రతీతి. స్త్రీలు కూచిపూడి నేర్వడం ఇరవయ్యవ శతాబ్దపు నడుమనే ఊపందుకొన్నది. వెంపటి చినసత్యం (1929–2012) మద్రాసులో 1963లో నెలకొల్పిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ అందుకు పెద్ద బాట వేసినది. కాని అప్పటికే గానం వెనుక కూర్చున్న గాయకుని పాలైనది. ఆడపిల్ల కాలు వచ్చినది, గొంతు రాలేదు. సత్యభామ మాటను ఆడపిల్ల తన గొంతుతోనే, తన పేరు మీదనే, తాళం తప్పకుండా పలికే స్థలం ఎక్కడ దొరికినదయ్యా అంటే, ఎక్కడో కాలిఫోర్నియాలో, అదీ నల్లజాతివారు ఇచ్చిన రూపంలో దొరికినది. ఆ ఋణం మరువరానిది. మరిచే ప్రమాదం కూడా ఉన్నది. అణచివేతలో పుట్టిన రూపాన్ని సుఖంగా పెరిగినవారు అలంకారంగా తొడుక్కోవడం సులభం.

రాజకుమారి మొదట పేరు తెచ్చుకొన్నది తెర వెనుక. ఫాల్ అవుట్ బాయ్ అనే రాక్ బృందానికి 2014లో పేరు తెచ్చిన ‘సెంచురీస్’ పాట రచయితలలో ఆమె ఒకతె. ఇగ్గీ అజేలియా సంపుటి ‘ది న్యూ క్లాసిక్’లో ఆమె చేయి ఉన్నది, 2015లో ఆ సంపుటి గ్రామీ పోటీలో నిలిచినది. 2016లో సొంత గొంతుతో ‘ది కమ్ అప్’ అనే చిన్న సంపుటి, 2019లో ‘బ్లడ్‌లైన్’ వచ్చినవి. నడుమ 2017లో బొంబాయి ర్యాప్ కవి డివైన్‌తో కలిసి ‘సిటీ స్లమ్స్’ పాడినది. 2019లో ఎం.టి.వి. వారి ‘హసిల్’ పోటీకి న్యాయనిర్ణేతలలో ఒకతె అయినది. 2023లో ‘జవాన్’ హిందీ చిత్రపు శీర్షిక గీతంలో వినిపించినది ఆమె గొంతే. పెద్ద రికార్డు సంస్థ నీడ విడిచి, గాడ్‌మదర్ రికార్డ్స్ అని సొంత సంస్థ పెట్టుకొన్న తరువాతనే ‘ది బ్రిడ్జ్’ వెలువడినది. ఇతరుల పాటలకు మాట కట్టిపెట్టడం నుండి తన పాటకు తాను యజమాని కావడం దాకా ఈ ప్రయాణం. పాత కాలపు జావళి కర్తలకు, గాయనులకు ఇట్టి స్వాతంత్ర్యం కలలోని మాట.

ఆల్బమ్ అనే శబ్దం ఎట్లు వచ్చినదో విద్యార్థులు అడుగవచ్చును. వెనుకటి 78 చుట్ల పలక ఒక ప్రక్క నాలుగైదు నిమిషాలకు మించి పాడేది కాదు. నాలుగైదు పలకలను ఫొటోల పుస్తకంవలె అట్టల మధ్య కుట్టి అమ్మేవారు, అందువల్ల ఆల్బమ్. 1948లో నిమిషానికి ముప్పయి మూడుకు పైచిలుకు చుట్లు తిరిగే పెద్ద పలక వచ్చినాక అన్ని పాటలూ దాని రెండు ముఖాలలో ఇమిడినవి, పేరు మాత్రం మిగిలినది. ఇప్పుడు పలక కూడా లేదు. చేతి ఫోనులో పాటకు పాట విడిగా వింటారు. ఇట్టి కాలంలో సంపుటి అని ఒక క్రమంలో పాటలు పేర్చడం ఒక విధమైన పట్టుదల. శతకానికి మకుటంవలె సంపుటికి ఒక భావం కావలెను. ఇక్కడ ఆ భావం వంతెన.

వంతెనకు రెండు ఒడ్లు ఉండవలెను. విమర్శ ఇక్కడనే మొదలవుతుంది. రాజకుమారి పాటలలో అమెరికా ఒడ్డు స్పష్టంగా కనిపిస్తుంది. ఈవలి ఒడ్డు మాత్రం ‘ఇండియా’ అనే పెద్ద మాటగా, పాపిటబొట్టుగా, గాజులుగా, గద్దె మీది భంగిమగా ఎక్కువ కనిపిస్తుంది. 2022లో ఆమె అలీషా చినాయ్ పాటను గుర్తుకు తెస్తూ తన ‘మేడ్ ఇన్ ఇండియా’ తెచ్చినది. చిత్రంలో మాధురీ దీక్షిత్ కూడా ఉన్నది. ఉత్సాహానికి లోటు లేదు. కాని 1995 నాటి పాటకు ఆ శీర్షిక సరిపోయినంతగా, క్లేర్‌మాంట్‌లో పెరిగిన మనిషికి సరిపోవలెనంటే లోపల ఇంకొంత బాధ, ఇంకొంత ప్రశ్న కావలసి ఉండినది. నగల బరువు పాట మీద పడినచోట పాట తగ్గినది. జతి మీద మాట నడిచినచోట పాట లేచినది. శ్రోత ఈ రెండింటినీ వేరు చేసికొని వినవలెను.

అన్నిటికన్న పెద్ద లోటు తెలుగు. ఆమె పాటలలో అత్యధిక భాగం ఆంగ్లం, తరువాత హిందీ. కూచిపూడి వాచికమంతా తెలుగే. జతి సముద్రం దాటినది, దరువు దాటలేదు. దీనికి ఆమెను తప్పు పట్టడం అన్యాయం. ఆంగ్లంలో పుట్టి పెరిగిన పిల్ల ఆంగ్లంలో పాడక ఏమి చేయును? హిందీ విపణి పెద్దది, పిలుపు కూడా అక్కడి నుండే వచ్చినది. నిలదీయవలసిన ఒడ్డు వేరే ఉన్నది. మాదాపూరులో, కొండాపూరులో, మణికొండలో ఆకాశహర్మ్యాల క్రింది అంతస్తులలో, శనివారం సాయంకాలం చిన్నారులు బారులు తీరి అడవులు వేస్తారు. తకిట అనగానే పాదం పడుతుంది. పాటలోని సాహిత్యం మాత్రం వారికి తకిటతో సమానమే. అర్థం లేని చప్పుడే. బడిలో ఆంగ్లం, ఆటస్థలంలో హిందీ కలిసిన ఆంగ్లం, ఇంటిలో అమ్మ అడిగిన తెలుగు ప్రశ్నకు ఆంగ్లంలో జవాబు. క్లేర్‌మాంట్‌కు, గచ్చిబౌలికి దూరం పదమూడు వేల కిలోమీటర్లకు పైమాట. ఈ ఒక్క విషయంలో మాత్రం గుమ్మం దాటినంత. శిల్పారామం ప్రక్కనే ఉన్నది, శిల్పకళా వేదికలో తరచుగా నాట్య ప్రదర్శనలు జరుగుతున్నవి, చప్పట్లకు కొరత లేదు. పదాభినయం చేస్తున్న పిల్లను ఆ పదంలోని నాయిక ఎవరి మీద అలిగినదని అడిగితే, గురువు వైపు చూచే పిల్లలే ఎక్కువ.

తిల్లానా కట్టుబడి ఇక్కడ ప్రస్తావనకు తగినది. అందులో పల్లవి, అనుపల్లవి జతులే. చరణంలో మాత్రం నాలుగు మాటల సాహిత్యం వస్తుంది. వాగ్గేయకారుడు తన ముద్ర వేసేది కూడా అక్కడనే. వెంటనే జతులు మళ్ళీ అందుకొంటవి. వేగం మీద ఉన్న నర్తకి ఆ నాలుగు మాటల దగ్గర ఒక్క క్షణం నెమ్మదించి చేయి చూపితేనే అది ఎవరి తిల్లానాయో సభకు తెలుస్తుంది.

ఇటీవల హైదరాబాదులో తెలుగులోనే ర్యాప్ కట్టే యువకులు వచ్చినారు. రోల్ రైడా వంటివారి పేర్లు విద్యార్థులకు ఉపాధ్యాయుల కంటె బాగా తెలుసును. పాతబస్తీ యాస, తెలంగాణ పలుకుబడి వారి మాటకు బలం. వారి పాదాలు తూచి చూస్తే నాలుగు మాత్రల నడకయే తరచు; ఐదు, ఏడు అరుదు. అంత్యప్రాస ఎడతెగక ఉన్నది, ద్వితీయాక్షర ప్రాస అక్కడక్కడ తనంత తాను పడినదే గాని కోరి తెచ్చినది కాదు. ఆడపిల్లల గొంతులు ఆ వరుసలో ఇంకా తక్కువ. ఖండగతిలో, ద్విరదగతి రగడ నడకలో, తన పేరు తాను చెప్పుకొంటూ తెలుగున ర్యాప్ కట్టే అమ్మాయి ఏ శనివారపు తరగతిలోనో ఇప్పుడు మొదటి అడవు వేస్తూ ఉండవచ్చును.